ఏరియల్ తీగ మీద మడిచీర

దక్షిణామూర్తికి ఒళ్ళు మండిపోతోంది. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. ఏడు కొట్టగానే విశాఖపట్నంలో సోమసుందరం తన వైర్‌లెస్ ఆపేసి, పెట్టె సర్దుకుని, రేపు రంగూన్ ఓడ ఎక్కేస్తాడు. ఇక వాడి మీట చప్పుడు వినే యోగం ఎప్పటికో.

పద్నాలుగేళ్ళ కిందట, చదువుకునే రోజుల్లో, ఇద్దరూ ఎదురెదురు వీధుల్లో మిషన్లు పెట్టుకుని, మీట నొక్కి టకటకమని మోర్సు సంకేతాల్లో కబుర్లాడుకునేవారు. యుద్ధం వచ్చింది. సర్కారు వద్దంది. మిషన్లు అటకెక్కాయి. దక్షిణామూర్తి నర్సీపట్నం వచ్చి లెక్కల మేష్టారై కూర్చున్నాడు. మొన్న, ఇరవై ఎనిమిదో సంవత్సరం జూన్‌లో, సోమసుందరం దగ్గర్నుంచి ఉత్తరం: "మళ్ళీ మొదలుపెట్టాను. మూడు ఆదివారాలు, పొద్దున్న ఆరున్నర నుంచి ఏడు దాకా నీ కోసం కొడతాను. వినడానికో పెట్టె తయారు చేసుకో, చాలు."

పెట్టె తయారైంది. గాలిలో కబురు అందుకోడానికి పెరట్లో పనసచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఏరియల్‌గా రాగి తీగ కట్టాడు. సాయంత్రాలు కలకత్తా పాటలు పక్కింట్లో పాడుతున్నట్టు వినిపించేవి. పొద్దున్న మాత్రం పెట్టె మూగనోము పట్టేది. మొదటి ఆదివారం బ్యాటరీ మార్చాడు. రెండో ఆదివారం తీగచుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు. ఇవాళ మూడోది, ఆఖరిది. హెడ్‌ఫోన్లు విసిరేసి పెరట్లోకి పరుగెత్తాడు.

తీగ మీద చీర ఆరుతోంది.

తొమ్మిది గజాల తడిచీర. ఒక కొస ఏరియల్ మీద, రెండో కొస నూతి ఇనుపకమ్మీ మీద. మేనత్త వర్ధనమ్మగారి మడిచీర. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట ఉండిపోయిన మనిషి. ఎవరూ ముట్టని తీగ, ఎవరి చేతికీ అందని ఎత్తు. మడికి ఇంతకన్నా ఏం కావాలి? రోజూ తెల్లవారుజామున కర్రతో ఆరేయడం, మధ్యాహ్నానికి తీసేయడం. గాలిలో వచ్చిన సోమసుందరం కబురంతా ఆ తడిచీర మీదుగా ఇనుపకమ్మీలోకీ, కమ్మీ మీదుగా నూతిలోకీ దిగిపోతోందన్నమాట!

"అత్తా! ఆ చీర తియ్యి! బేగి!"

వర్ధనమ్మగారు తడిబట్టతో నూతి పక్క జపంలో ఉంది. మాట్లాడకూడదు. ఆగమన్నట్టు వేలెత్తింది.

"ఆగితే వాడు పోతాడత్తా!"

వేలు దిగలేదు.

తనే లాగేద్దామంటే, ఇంకా స్నానం కాలేదు. ముట్టుకుంటే మడి మంటగలుస్తుంది. నిన్న ఏకాదశి, ఆవిడ మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. ఇవాళ ఈ చీర కట్టుకునే వంట చేసి నోట ముద్ద పెట్టుకోవాలి. నిన్నటి వానకు రెండో మడిచీర ఇంకా పిండితే నీళ్ళు కారేటట్టుంది.

కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అత్త మీద కోపం, జపం మీద కోపం, అన్నిటికన్నా ఇంట్లో మడి ఎక్కడ ఆరుతుందో మూడు వారాలుగా కన్నెత్తి చూడని తన మీద కోపం. లోపల గడియారం ముప్పావు కొట్టింది. కళ్ళు మూసుకుని కమ్మీ మీది కొస పట్టి ఒక్క లాగు లాగాడు. చీర బురదలో పడింది. అత్త ముఖం చూడకుండా లోపలికి పరుగెత్తాడు.

టక్. టకటక్.

వాడే! మూడో దెబ్బ కాస్త సాగదీసే ఆ చెయ్యి వాడిదే. కానీ పద్నాలుగేళ్ళ తుప్పు పట్టిన చెవికి నాలుగక్షరాల్లో ఒకటే అందుతోంది. దిక్కుమాలిన చెవి! దక్షి అనీ, ఉన్నావా అనీ రెండుసార్లు తెలిసింది. ఆఖర్న, ఏడు కొట్టేముందు, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి కొట్టాడు: ఉన్నావనుకునే చెబుతున్నా.

దక్షిణామూర్తి పెన్సిలు పట్టుకుని ఏడ్చాడు.

పెరట్లోకి వచ్చేసరికి వర్ధనమ్మగారు చీర మళ్ళీ తడిపి, ఈసారి కొమ్మ మీద ఆరేస్తోంది.

"తప్పయిపోయిందత్తా. ఇది ఆరేదాకా నీకు పస్తే."

"పస్తు నాకు కొత్తేటిరా? మూడు వారాల్నించి గింజుకుంటున్నావు. వాడి మాట వినబడిందా లేదా, అది చెప్పు."

తలూపాడు.

"అయితే నా పస్తు దండగ కాలేదు," అని వర్ధనమ్మగారు చీర ఆరేదాకా మెట్టు మీద కూర్చుంది.