గాంధర్వ సభ దక్షిణపు గోడ

సాయంత్రం అయిదున్నరకి సంగీతం పిల్లలు వెళ్ళిపోగానే రెబెకా హార్మోనియం మీద గుడ్డ కప్పి, చక్రాల కుర్చీ తిప్పుకుంటూ వీధిలోకి వచ్చేది. బజ్జీల బండి దాటి, టైలరు కొట్టు పక్క సందులోకి తిరిగితే, కచేరీలు జరిగే గాంధర్వ సభ దక్షిణపు గోడ. దానికి కుడి చెవి ఆనించి అరగంట కూర్చునేది. ఆ సందులోంచి పోయేవాళ్ళెవరూ వింతగా చూసేవారు కాదు. గోడ పాడుతుందని అమలాపురంలో అందరికీ తెలుసు.

వందేళ్ళ కిందట గానుగ సున్నంతో కట్టిన గోడ అది. వేదిక మీద పాడినవాళ్ళ గొంతు అందులోకి దిగి, దిగింది దిగినట్టు ఉండిపోయేది. చెవి పెడితే వినిపించేది. ఫోన్లో పట్టాలని చూస్తే మాత్రం ఫ్యాను చప్పుడే పడేది. పైఊరి చుట్టాలొస్తే జనం వాళ్ళని ఒకసారి తీసుకొచ్చి వినిపించి, బానే ఉంది కదండీ అని కాఫీకి తీసుకుపోయేవారు. ఆపైన దాని జోలికి పోయే తీరిక ఎవరికీ లేదు.

రెబెకాకి తీరిక ఉంది. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి కాళ్ళు పోయినప్పటి నుంచీ ఉన్నది అదొక్కటే. తండ్రి లాజరు మాస్టారు హార్మోనియం కొనిపెట్టి చర్చి పాటలు నేర్పాడు. మిగతా సంగీతమంతా ఆ గోడే నేర్పింది. అన్నిట్లోకీ ఆమెకి ప్రాణం పేరూరు భాగవతారు గారి పాట ఒకటి. ఆయన సొంతంగా కట్టుకుని, ఆ సభలో ఒకే ఒక్కసారి పాడి, నెల తిరక్కుండా పోయారు. ఎవరికీ నేర్పలేదు, ఎక్కడా రాయలేదు. "వాకిట నిలిచితిని" అని మొదలయ్యే ఆ పాటకి పల్లవీ అనుపల్లవీ సందు వైపుకి వినిపించేవి. చరణం గోడకి లోపలి వైపు దిగింది. అది వినాలంటే హాల్లోకి వెళ్ళి చెవి పెట్టాలి. హాలుకి పదకొండు మెట్లు.

లోపలికి వెళ్ళేవాళ్ళని ఏళ్ళ తరబడి బతిమాలింది, ఆ చరణం విని మాటలు గుర్తుపెట్టుకొచ్చి చెప్పమని. అలాగేనమ్మా అనేవారు. తిరిగొచ్చి, బానే ఉందమ్మా, ఏదో దేవుడి మీద, అనేవారు. ఏమని పాడిందని గుచ్చి అడిగితే విసుక్కునేవారు.

ఇరవై రెండేళ్ళ వయసులో ఒక్కసారి లోపలికి వెళ్ళింది. ఇద్దరు సభ కార్యకర్తలు చేతుల మీద మోసుకెళ్ళారు. కుర్చీ కిందే ఉండిపోయింది. గోడ పక్కన దించమంటే, అక్కడ కూలరుందని మధ్య వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూలేశారు. కచేరీ అయ్యాక వాళ్ళు భోజనాలకి పోయి ఆమెని మరిచిపోయారు. గోడ పది అడుగుల దూరంలో ఉంది. ఖాళీ హాల్లో దాన్ని చూస్తూ గంటన్నర ఉగ్గబట్టుకుని కూర్చుని, చివరికి ఆగలేక కూర్చున్నచోటే చీర తడుపుకుంది. వాళ్ళు నవ్వుకుంటూ వచ్చి, ముక్కులు మూసుకుని మోసుకొచ్చారు. ఇక ఒకరి చేతుల మీద ఆ మెట్లెక్కనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

అందుకని ర్యాంపు కట్టమని సభ కమిటీకి అర్జీలు పెట్టింది. పదహారేళ్ళు పెట్టింది. కార్యదర్శి శ్యామ్ బాబు మహా మర్యాదస్తుడు. ఆమె ఎప్పుడు వెళ్ళినా తన మందుల షాపు మెట్టు దిగి వచ్చి, చేతులు జోడించి, కూర్చోండమ్మా అనేవాడు.

వందేళ్ళ పండగ దగ్గరపడ్డాక, పెద్దలొస్తారు, ఫొటోలు పడతాయి అని కమిటీకి ఒక్కసారిగా జాలి పుట్టుకొచ్చింది. ఒక పొద్దున సందులో సుత్తి దెబ్బలు వినిపించి రెబెకా గబగబా వచ్చేసరికి, దక్షిణపు గోడ సగం కింద పడి ఉంది.

"ర్యాంపు ముందు వైపు కట్టచ్చు కదండీ," అంది. పని చూస్తూ నిలబడ్డ శ్యామ్ బాబు వైపు కుర్చీ తిప్పింది.

"ముందు మెట్లు చారిత్రకం కదమ్మా, ముట్టుకోకూడదు," అన్నాడు శ్యామ్ బాబు. "ఈ గోడ సందులోది, ఇందులోంచి కొత్త ద్వారం తీసి ర్యాంపు దించుతున్నాం. ఎవరు చూసేరు దీన్ని? ఇదంతా మీకోసమేనండీ. రిబ్బను కూడా మీ చేతే కత్తిరిస్తున్నాం."

ఆమెకి గొంతు చించుకుని అరవాలనిపించింది. పదహారేళ్ళు కావాలన్న నోటితో వద్దనడం చేతకాలేదు.

"ఆయ్ అండి," అని తలూపింది.

పల్లపు నేల కాబట్టి కోనసీమలో కూలగొట్టిన గోడ పెళ్ళలు ఎవరూ బయట పారెయ్యరు. అక్కడే మెరక చెయ్యడానికి వాడతారు. మేస్త్రీ కూడా ఆ పెళ్ళలన్నీ ర్యాంపులో నింపి, పైన పల్చగా సిమెంటు పూశాడు. సందు వైపు పెళ్ళలు ముందు పడ్డాయి. లోపలి వైపువి ఆఖర్న, కొత్త ద్వారం దగ్గర పడ్డాయి.

పండగ రోజు రెబెకా తన తల్లి పట్టుచీర కట్టుకుని రిబ్బను కత్తిరించింది. ఫొటోలు తీశారు. అప్పటిదాకా జనం చెప్పులతో ఎంత తొక్కినా ర్యాంపు పలకలేదు. ఆమె చక్రం దొర్లగానే, కింద నుంచి భాగవతారు గారి గొంతు లేచింది. పల్లవి ముక్కలు ముక్కలుగా వచ్చింది. గోడ పెళ్ళలు కదా మరి, అనుకున్నారు జనం. ఆమె కాస్త వెనక్కి జరిగి మళ్ళీ దొర్లించింది. ఆ చోటు పలకలేదు. విరిగిన పెళ్ళ ఒక్కసారే పాడుతుందని ఆమెకి అర్థమైంది.

మెల్లగా పైకి వెళ్ళింది. అనుపల్లవి అయిపోయింది. ద్వారం ఇంకా మూడు అడుగులుందనగా, జన్మలో వినని మాట ఒకటి వచ్చింది. "ఒకనాటికైనా..."

అది చరణం. ఆమె ఒళ్ళంతా చెవులైపోయింది.

"ఆగండమ్మా, ఆగండి," అంటూ శ్యామ్ బాబు ఎదురొచ్చి చేతులు జోడించాడు. "లోపల పాడేవారు శ్రుతి చూసుకుంటున్నారు. ఈ గొంతు అడ్డొస్తోందని విసుక్కుంటున్నారండీ. రేపు పొద్దున్నే రండి. ఎవరూ ఉండరు, తీరిగ్గా ఎక్కుదురుగాని."

మూడు అడుగులు. చేతులతో రెండు తోపులు తోస్తే సరిపోయేది. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎదుటివాళ్ళకి అడ్డు రాకుండా ఉండడమే ఆమె నేర్చుకున్న మర్యాద.

"ఆయ్ అండి," అని కుర్చీ తిప్పుకుంది. దిగేటప్పుడు ర్యాంపు పలకలేదు.

మర్నాడు ఏడింటికల్లా నోటుపుస్తకం, పెన్ను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. వాచ్‌మన్ దుర్గారావు ర్యాంపు మొదట్లో ఊడుస్తున్నాడు. పై చివర సిమెంటు మీద చక్రాల గుర్తులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ముక్తేశ్వరంలో ఇంకో కచేరీ ఉందని, సౌండు బాక్సులు తెల్లవారకముందే ట్రాలీ మీద దింపుకుపోయారట. నాలుగు ట్రిప్పులు వేశారట.

"పాడిందా, దుర్గారావు గారూ?"

"పాడిందండీ. ఆ పైనంతా పూర్తిగా పాడేసింది. బాక్సులకి నేనూ ఓ చెయ్యి వేశానండీ, వినడానికి ఖాళీ ఎక్కడిదండీ."

"ఏమని పాడింది? ఒక్క మాటైనా గుర్తుందా?"

దుర్గారావు చీపురు ఆపి, పాపం, నిజంగానే ఆలోచించాడు.

"బానే ఉందమ్మా," అన్నాడు. "ఏదో దేవుడి మీద."

రెబెకా పెన్ను మూత పెట్టి, చక్రాలు తోసింది. ఆ మూడు అడుగులూ చప్పుడు లేకుండా దొర్లిపోయాయి. ద్వారం సరైన కొలతతోనే పెట్టారు. కుర్చీ ఎక్కడా తగలకుండా లోపలికి వెళ్ళింది.