గొలుసు మెడకే వేశాం

మా మేనల్లుడు ధనరాజ్‌కి ఏదో అయిందని నాకు మొదట అనుమానం వచ్చింది, వాడు నన్ను తిట్టడం మానేసినప్పుడు.

గరివిడి పక్కనే మా పల్లె. వాడు మా అక్క కొడుకు, ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. ఆదివారం వస్తే వాళ్ల వీధరుగు మీద కూర్చుని మావా అల్లుళ్లం ఒకరినొకరు ఉతికి ఆరేసుకోవడం ఇరవై ఏళ్ల ఆనవాయితీ. నేనొక కథ వదులుతాను, వాడు దాని తోక కోస్తాడు. చంపావతి ఏటి వరదలో నేను గేదెను భుజాన వేసుకుని ఈదిన కథ ఊరందరికీ తెలుసు. ఏడాదికేడాదికి వరద పెరుగుతుంది, గేదె బరువెక్కుతుంది. ఈ వేసవిలో ఆ గేదె చూలుతో ఉందని కూడా కలిపాను. అంత అవకాశం ఇస్తే వాడు "ఊఁ" అని గోడకు జారబడి నిద్రపోయాడు.

లేపి, వాడి పొట్ట చూపించి అడిగాను. "ఒరే అల్లుడా, నువ్వు క్రేను ఎక్కుతన్నావా, నిన్ను క్రేనుతో ఎక్కిత్తన్నారా?"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి లోపలికి వెళ్లిపోయాడు. డెబ్బై నాలుగేళ్లలో ఎంతమందినో ఏడిపించాను గాని, నిజంగా ఏడ్చినవాడు వీడొక్కడే.

మర్నాడు వాడి పెళ్లాం శైలజ మా ఇంటికి వచ్చి, నా ముందు మూడు రైలు టికెట్లు పెట్టింది. మూడూ గరివిడి నుంచి కొత్తవలసకి.

"సూడు సిన్నాన్నా. మూడు వారాలుగా వారానికోరోజు సెలవెట్టి ఎల్తన్నాడు. ఏటికంటే పని అంటాడు. క్రేను నడిపినోడికి కొత్తవలసలో ఏటి పని?"

"సుట్టాలెవరైనా..."

"సుట్టమే. సీర కట్టుకున్న సుట్టం." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏడాదయి గోడకేసి తిరిగి పడుకుంటన్నాడు. పలకరిస్తే కసురుతాడు, నేకపోతే కూకుని ఏడుస్తాడు. ఆదివారం మా అన్న వస్తాడు. పిల్లలిద్దర్నీ తీసుకుని బొండపల్లి ఎల్లిపోతాను. నీకు సెప్పకుండా ఎల్తే బాగోదని వచ్చాను."

ఆ అన్నగారి నోరు నాకు తెలుసు. అతను అరుగెక్కితే ఊరంతా పోగవుతుంది. తర్వాత ఎవరు నిజం చెప్పినా అతకదు. అప్పటికి సోమవారం. నా చేతిలో ఉన్నవి ఐదు రోజులు.

మంగళవారం మా మంగలి గంగులు కత్తి పట్టడు. బుధవారం పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. నా లెక్క నాకుంది. ఇంకో ఆడదాన్ని మరిగిన మగాడు రోజూ గెడ్డం గీయించుకుంటాడు, సెంటు పూసుకుంటాడు. ఆ సంగతి పెళ్లాం కంటే ముందు మంగలికి తెలుస్తుంది.

"మా ధనరాజ్ ఈ మధ్య తెగ సోకు సేస్తన్నాడటగదరా?"

గంగులు నవ్వాడు. "సోకా? ఆ బాబుకి గెడ్డమే రాట్లేదు పెద్దయ్యా. ముందు రెండ్రోజులకోసారి వచ్చీవోడు. బ్లేడు అరిగిపోయీది. ఇప్పుడు పదిహేను రోజులకొచ్చినా నా కత్తికి పనుండదు. నీ గెడ్డమే నయం."

ఆ మాటకి నాకు ఒకప్పటి మా గిత్త గుర్తుకొచ్చింది. విత్తులు నొక్కించాక దాని మెడ మీద కండ కరిగింది. పక్కవాళ్ల ఎడ్లను చూసి రంకె వేయడం మానేసింది. ఎంత మేత వేస్తే అంతా ఒళ్లుకి పట్టి మెత్తబడింది. దాన్ని ఎవరూ బద్ధకపుదని తిట్టలేదు. దానిలోంచి ఏం తీశామో మాకు తెలుసు గనక.

మరి వీడిలోంచి ఎవరు తీశారు?

సగం గీసిన గెడ్డంతో కూర్చుని ఆలోచిస్తే ముందటేడు సంగతి తట్టింది. పిల్లలకి గవదబిళ్లలు వచ్చి తగ్గాయి, తర్వాత తండ్రికి అంటుకున్నాయి. గవదబిళ్లలకి మెడలో బంగారు గొలుసు వేయడం మా వైపు ఆచారం. పోయిన నా భార్య గొలుసు నేనే తీసుకెళ్లి వాడి మెడలో వేశాను. వారానికి వాపు తీసింది. మా ఆవిడ గొలుసు మహిమ అని నాలుగూళ్లలో చెప్పుకున్నాను. పెద్దాడికి వస్తే అవి విత్తులకి దిగుతాయని పాతకాలంవాళ్లు అనే మాట అప్పుడు గుర్తురాలేదు.

సాయంత్రం షిఫ్టు దిగే వేళకి ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర వాణ్ణి పట్టుకున్నాను.

"ఒరే, గవదబిళ్లలప్పుడు వాపు మెడకేనా, కిందికి కూడా దిగిందా?"

వాడు గ్లాసుతో సహా లేచి నన్ను కొట్టు పక్కకి లాగాడు.

"దిగింది మావా. రెండు పక్కలా. కాలు కదిపితే పేనం పోయీది."

"సెప్పలేదేటి?"

"మెడకి గొలుసేసి అందరూ నా సుట్టూ కూకున్నారు. అమ్మ ఉన్నాది, పక్కింటి ఆడోళ్లున్నారు. కింద నొప్పని ఎవరికి సెప్పను?"

"నాకు సెప్పొచ్చు గదరా."

"నీకు సెప్తే రైల్టేసన్లో మైకులో వస్తాది."

నిజమే మరి.

"కొత్తవలస ఏటికి ఎల్తన్నావు?"

సంచీలోంచి లేహ్యం సీసా తీసి చూపించాడు. "అక్కడ నన్నెవరూ ఎరగరని. మూడు సీసాలు తిన్నాను. ఆకలి తప్ప ఇంకేటీ పెరగలేదు."

"శైలజ ఆదివారం ఎల్లిపోతానంటన్నాది."

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. "నానేటని సెప్పను మావా, మగాణ్ణి కానని సెప్పనా? నువ్వే సెప్పు. ఇన్నేళ్లు అబద్దాలు సెప్పిన నోరు, ఒక్క నిజం సెప్పలేదేటి?"

చెప్పాను. ఆ రాత్రే వాళ్లింటికెళ్లి, శైలజకి. గేదెను మోసుకుని ఈదినంత సులువు కాలేదు. ముందు గిత్త దగ్గర మొదలెట్టి, గంగులు మీదుగా గవదబిళ్లలకి వచ్చేసరికి చెమటలు పట్టాయి. శైలజ గుమ్మంలో చతికిలబడింది.

"ఇదేనా?" అంది. "సీర కట్టుకున్న సుట్టం నేదేటి?"

"నేదు. సీసాలో ఉన్న సుట్టమే."

ఏడుస్తూనే నవ్వింది. లోపలికి వెళ్లి వాడి సంచీలోంచి ఆ సీసా తెచ్చి పెంటకుప్ప మీదికి విసిరేసింది. తర్వాత అన్నకి ఫోను చేసింది. "ఆదివారం వస్తే రా అన్నా, కోడి కోస్తాను. తిని ఎల్లిపో. తగువు నేదు."

శుక్రవారం మొదటి బస్సుకి ముగ్గురం విజయనగరం వెళ్లాం. డాక్టరమ్మది మా మనవరాలి వయసు. ధనరాజ్ కుర్చీ అంచున కూర్చుని నేల చూపులు చూస్తుంటే, ఆవిడే మెల్లగా ఒక్కొక్కటీ అడిగింది. నీరసం, నిద్ర, దిగులు, ఉత్తపుణ్యానికి ఒంట్లోంచి ఆవిర్లు, కోరిక లేకపోవడం, గెడ్డం. అన్నింటికీ వాడు తలూపాడు. నేనుండబట్టలేక గిత్త సంగతి కూడా చెప్పేశాను.

"మీరు బాగానే పోల్చారు తాతగారూ. కానీ ఇవే లక్షణాలు సుగరుకీ థైరాయిడ్‌కీ కూడా ఉంటాయి. అందుకని చూసి చెప్పేయకూడదు, రక్తం చూడాలి. అదీ పొద్దున్నే తియ్యాలి, రెండుసార్లు తియ్యాలి."

వారం తేడాతో రెండుసార్లు తీశారు, రెండుసార్లూ తక్కువే వచ్చింది. మిగతావేవీ లేవు. తక్కువ వచ్చినదాన్ని టెస్టోస్టెరాన్ అంటారట, మగాడి ఒంట్లో ఊరే హార్మోను. గవదబిళ్లలు కిందికి దిగి అది ఊరే చోటునే దెబ్బ తీశాయి.

"ఇంజెక్షన్లతో భర్తీ చేస్తాం. మధ్యమధ్య రక్తపరీక్షలకి రావాలి. ఒక్క మాట, ఇది మొదలెడితే పిల్లలు పుట్టడం కష్టం. ఇంకా కావాలనుకుంటే ఇప్పుడే చెప్పండి."

"ఇద్దరున్నారు డాక్టరమ్మా," అంది శైలజ. "ఆ ఇద్దరితోనే పడలేకపోతన్నాను."

లేచే ముందు నా సందేహం నేనడిగాను. "మరి మెడ వాపు తగ్గించింది మా గొలుసే గదా?"

"అది దానంతటదే తగ్గుతుంది తాతగారూ."

నాలుగూళ్లలో చెప్పుకున్న మహిమ అక్కడితో పోయింది. బస్సులో ధనరాజ్ పెళ్లాం భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఈసారి ఆవిడ ఏమీ అనుకోలేదు.

నాలుగు నెలలు గడిచాయి. వాడి గెడ్డం మాసిందని గంగులు చెబుతూనే ఉన్నాడు గాని, నేను చూస్తున్నది దాని కోసం కాదు. మొన్న ఆదివారం అరుగు మీద మళ్లీ గేదె కథ ఎత్తుకున్నాను. వరదని చింతచెట్టు కొమ్మల దాకా పెంచాను. గేదె కడుపులో కవలలని చెప్పాను. ధనరాజ్ చెంప బరుక్కుంటూ అంతా విన్నాడు.

"మావా, ఆ గేదిని నానడిగాను," అన్నాడు.

"ఏటన్నాది?"

"ముసిలోడు ములిగిపోతన్నాడని జాలిపడి ఈపునేసుకొచ్చాను, మల్లీ జన్మలో అలాటి తప్పు సెయ్యను, దారంతా వాగుడే అన్నాది."

లోపల వంటింట్లో శైలజ నవ్వు వినబడింది. వచ్చే వారానికి వరద ఇంకో మూరెడు పెంచాలి.