రీలులో మిగిలిన ఒక్క ఫోటో

చప్పుడు లేదు.

తెల్లవారి కళ్ళు తెరిస్తే ముందు తెలిసింది అదే. వీధిలో చీపురు చప్పుడు లేదు, సైకిలు గంట లేదు, కొళాయి దగ్గర బిందెల గోల లేదు. ఊరికి ఊరే బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

ఫోటోగ్రాఫరు కిటికీ తీశాడు.

తెలుపు.

గోడ మీద తెలుపు. పక్కింటి రేకుల మీద తెలుపు. ఆరేసి మరిచిపోయిన చొక్కా భుజాల మీద తెలుపు. పైనుంచి ఇంకా దిగుతూనే ఉంది — తొందర లేకుండా, ఎవరికీ చెప్పకుండా...

మంచు.

ఏడాదిలో పది నెలలు ఉడికిపోయే ఊరది. చలికాలమంటే దుప్పటి ఒకటి కాళ్ళ దగ్గర పెట్టుకోవడమే. అక్కడ మంచు ఉన్న చోటు ఒక్కటే — అతని ఫోటో స్టూడియో. గోడంత గుడ్డ మీద రంగులతో వేయించిన మంచుకొండ. దాని ముందు నిలబడని పెళ్ళికొడుకు ఊళ్ళో లేడు. తొడుక్కోవడానికి ఒక బొచ్చుకోటు కూడా పెట్టాడు. దానికి ముందు భాగమే ఉంది, వెనక లేదు. నాలుగు నాడాలు కట్టుకుంటే చాలు. ఫోటోలో వీపు ఎవరు చూడొచ్చారు?

ఇరవై ఏళ్ళుగా ఊరందరి మొహాలూ తీశాడు ఫోటోగ్రాఫరు. ఇంట్లో భార్య మొహం మాత్రం తీయలేదు. దీపం కింద చీకటి అంటారే, అదే.

ఉన్నది ఒక్క పెళ్ళి ఫోటో. అతని గురువు తీశాడు. అందులో ఆమె కళ్ళు మూసుకుంది.

తీస్తానంటే ఎప్పుడూ ఒకటే మాట. "తీద్దురుగానిలెండి. నేనెక్కడికి పోతాను?"

ఆమె చోటు కెమెరా ముందు కాదు, పక్కన. తెల్లటి అట్ట ఒకటి రెండు చేతులా పట్టుకుని, దీపం వెలుగును కూర్చున్నవాళ్ళ మొహం మీదికి మళ్ళించేది. పన్నెండేళ్ళుగా అదే పని. ఎవరి మొహంలోనైనా చీకటి మిగిలితే ముందు ఆమెకే కనబడేది. ఇంకొంచెం వెలుగు కావాలండీ అనేది. అతను సరిచేసేవాడు. ఆమె మాట ఒక్కసారి కూడా తప్పు కాలేదు. ఫోటోల వెనక ముద్రలో పేరు మాత్రం అతనిది.

ఆ ఏడు ఆ చేతులు సన్నబడ్డాయి. అట్ట ఎత్తితే వణికేవి. డాక్టరు అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచి, ఇంకెన్ని నెలలో చెప్పాడు. అతను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఏమీ తెలియనట్టే ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు.

అప్పుడు పడింది మంచు.

కూతురికి ఎనిమిదేళ్ళు. నోరు మూతపడదని ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఆ పొద్దున పిచ్చుకకు పట్టపగ్గాలు లేవు. రెండు గౌన్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, నాన్న మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని వీధిలోకి ఉరికింది. నాన్నమ్మ గుమ్మంలో నిలబడి ఆకాశానికి మతిపోయిందని తేల్చేసింది. తర్వాత ఎవరూ చూడకుండా చిటికెడు మంచు నోట్లో వేసుకుంది. ఉప్పూ లేదు, తీపీ లేదు, ఈ మాత్రం దానికి ఇంత ఆర్భాటమా అని సణిగింది. సణుగుతూనే ఇంకో చిటికెడు తీసుకుంది.

పక్కింటి దర్జీ, ఎవరో కుట్టడానికిచ్చిన ప్యాంట్లు మూడు ఒకదాని మీద ఒకటి ఎక్కించుకున్నాడు. ఇక వంగలేడు. పెళ్ళాం చేత మంచు తీయించుకుని ఆమె మీదికే విసిరాడు.

ఫోటోగ్రాఫరు భార్యకు బొచ్చుకోటు తొడిగాడు. నాడాలు కట్టాడు. వెనక లేదు కదా... వీపు మీద దుప్పటి కప్పాడు. పిచ్చుక ఆమె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ముందు మహారాణి, వెనక బట్టల మూట అంది.

ఆమె నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వింది.

ఎన్ని నెలలకు విన్నాడో ఆ నవ్వు. అతనికి ఏడుపొచ్చింది. మంచు పడుతోంది కదా, మొహం తుడుచుకుంటే ఎవరూ ఏమీ అనుకోలేదు.

కెమెరా తెచ్చాడు. అంతే, వీధి మొత్తం వరస కట్టింది. దర్జీ ప్యాంట్లతో సహా నిలబడ్డాడు. నాన్నమ్మ వద్దు వద్దంటూనే జుట్టు సవరించుకుంది. పిచ్చుక అందరి ఫోటోల్లోకీ దూరిపోయింది. ముప్ఫై అయిదు తీశాడు.

రీలులో ఒక్కటి మిగిలింది.

అప్పుడు ఆమె వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నన్నొక్కదాన్నీ ఒకటి తియ్యండి."

పన్నెండేళ్ళలో మొదటిసారి అడిగింది. ఎందుకని అతను అడగలేదు.

వీధి మధ్యలో నిలబడింది. జుట్టు మీద మంచు, కనుబొమల మీద మంచు. అతను వెలుగు కొలిచే చిన్న పెట్టె తీశాడు. ముల్లు చివరిదాకా వెళ్ళి కొట్టుకుంది. పొద్దున్నుంచీ అంతే. ఇంత వెలుగు అతను బుద్ధెరిగాక చూడలేదు. లెన్సు కన్ను బాగా చిన్నది చేశాడు. ముల్లు చెప్పింది, అతను నమ్మాడు.

నొక్కాడు.

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. చూరుల నుంచి నీళ్ళు కారాయి. సాయంత్రానికి వీధంతా బురద.

మూడో రోజు ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. పదకొండో రోజుకు ఆమె లేదు.

మంచు వల్ల కాదురా, ఆ రోగం మంచు కంటే ముందే ఉంది అని నాన్నమ్మ వందసార్లు చెప్పింది. పిచ్చుక మాట్లాడటం మానేసింది. అడిగితే తల ఊపేది... అంతే.

కెమెరా అలాగే ఉండిపోయింది, రీలును కడుపులో పెట్టుకుని. తీయాలంటే భయం. కడగనంతకాలం ఆమె అందులో నిలబడే ఉంది.

రెండు నెలలకు కడిగాడు.

తడి రీలు కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. నెగటివ్‌లో తెలుపు నలుపవుతుంది; మంచు నల్లగా, చిక్కగా, ఎక్కడా లోపం లేకుండా ఉంది. మొహాలున్న చోట దాదాపు ఏమీ లేదు. గాజుముక్కలా ఖాళీ. ముప్ఫై ఆరూ అంతే. 

ముల్లు కొలిచింది మంచు వెలుగును. మొహం వెలుగును కాదు. చిన్నదైన ఆ కన్నులోంచి మొహాలకు వెలుగు చాలలేదు. ఇరవై ఏళ్ళు నాలుగు గోడల మధ్య దీపాల కింద బతికినవాడు, మంచును ఎన్నడు తీశాడు గనక? చెప్పే మనిషి ఆ రోజు పక్కన లేదు. ఎదురుగా ఉంది.

వీధివాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. దర్జీ అచ్చులో తన నల్లటి మొహం చూసుకుని, అసలు దానికంటే ఇదే నయం అన్నాడు. అందరినీ పిలిచి మంచుకొండ గుడ్డ ముందు మళ్ళీ తీశాడు. తెల్లటి అట్టను కుర్చీకి ఆనించాడు. వాళ్ళు మళ్ళీ వచ్చి నిలబడగలిగారు.

ముప్ఫై ఆరోది మిగిలింది.

పగలే చీకటి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. ఎర్ర బల్బు. మందునీళ్ళ పళ్ళెం. కాగితం మీదికి వెలుగు వదిలి లెక్కపెట్టేవాడు. ఎనిమిది దాకా లెక్కపెడితే మంచు ఎంత బాగా వచ్చేదో! రేకుల అంచున పేరుకున్నది, దుప్పటి మడతలో ఇరుక్కున్నది కూడా. మధ్యలో ఆమె — మొహం లేని నీడ.

లెక్క తగ్గిస్తూ పోయాడు. ఏడు. ఆరు. అయిదు. నాలుగు.

మూడుకి మొహం మొదలైంది.

బూడిద రంగులో, ఎక్కడో లోతు నుంచి... నుదురు. చెంప. కళ్ళు — తెరిచే ఉన్నాయి. కానీ మంచు పోయింది. వీధి పోయింది, రేకులు పోయాయి. చుట్టూ వట్టి కాగితం. ఆమె కావాలంటే ఆ రోజు దక్కదు.

పోతే పోయిందనుకున్నాడు. రెండున్నర లెక్కకే వెలుగు ఆపి తీశాడు.

తడి కాగితం వరండాలోకి తెచ్చి వెలుగులో పట్టుకున్నాడు. పిచ్చుక వచ్చి పక్కన నిలబడింది. చాలాసేపు చూసింది.

"అమ్మ ఏదో చెబుతోంది" అంది.

అమ్మ పోయాక అది తనంత తానుగా నోరు విప్పడం అదే మొదలు.

అతను వంగి చూశాడు. నిజమే. ఆమె నోరు సగం తెరుచుకుని ఉంది. పెదాలు మాట మొదలుపెట్టాయి.

అప్పుడు గుర్తొచ్చింది.

నొక్కే ముందు ఆమె "ఏమండీ" అంది. వచ్చినవాళ్ళందరికీ చెప్పే అలవాటు కొద్దీ అతను, "మాట్లాడకు, కదలకు" అన్నాడు. ఆమె ఆగిపోయింది. ఆ తర్వాత పిచ్చుక మీద పడింది, నాన్నమ్మ కేకేసింది, ఎవరో పిలిచారు... ఏమిటన్నావని అతను అడగలేదు.

వెలుగు చాలదని అనబోయిందేమో. ఆ కళ్ళు అటు నుంచి కూడా కనిపెట్టి ఉంటాయి. కాళ్ళు కొంకర్లు పోతున్నాయని అనబోయిందేమో. పిచ్చుక తల తుడవమనేమో. లేక, ఇన్ని నెలలూ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్న ఆ మాటేనేమో.

"ఏమంటోంది నాన్నా?"

అతను కాగితాన్ని ఇంకొంచెం కిందికి దించాడు.

కాగితం అంచు నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా జారుతున్నాయి. పిచ్చుక కాసేపు చూసింది. తర్వాత తల వంచి, ఆ తెల్లటి చల్లటి కాగితానికి చెవి ఆనించింది.

అతను కదలకుండా పట్టుకున్నాడు...