వాసన లేదు

ఎర్రడబ్బాల షాపులో రోజు మొదలయ్యేది అక్క జడతోనే. తమ్ముడు షట్టరు ఎత్తి, ఫైర్ సిలిండర్లను ఒక్కొక్కటిగా బయటికి తెచ్చి గోడ వారగా నిలబెట్టేవాడు. మీటరు ముల్లు పచ్చగీత మీద ఉన్నవి ఒక వరస, ఎర్రగీతలోకి జారినవి ఇంకో వరస. చాలాకాలం కదలకుండా ఉన్నదాన్ని తలకిందులు చేసి, లోపలి పొడి గడ్డకట్టకుండా అడుగున అరచేత్తో నాలుగు చరుపులు చరిచేవాడు. అక్క గుమ్మం పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చుని, జడ కొస ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఏమైనా ఉందా అక్కా?"

"ఏం లేదు. నూనె వాసనే."

అయితే ఆ రోజుకి వీధికి భయం లేనట్టు. ఎక్కడైనా నిప్పు అంటుకోబోతుంటే ముందుగా అక్క జుట్టుకి తెలిసేది. గుడ్డలు కాలబోతుంటే జడలోంచి గుడ్డలు కాలిన వాసన, కాగితాలైతే కాగితాల వాసన. ఆ చోటూ, ఆ ఘడియా దగ్గరయ్యేకొద్దీ ఘాటెక్కేది. కొందరికి వాన ముందు మోకాళ్ళు నొప్పెడతాయి, ఈమెకి ఇది, అంతే. అక్క జడ పట్టుకుని వీధి వెంట నడుస్తూ దర్జీ కొట్టు ముందు ఆగిందంటే, దర్జీ కత్తెర కింద పడేసి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేవాడు. పీకగానే వాసన పోయేది. ఎవరూ వినిపించుకోకపోయినా పోయేది, కాకపోతే మంటతో పాటు పోయేది. వాసన పోవడానికి ఆ రెండే దారులు. ముప్పు తప్పడం, లేకపోతే జరిగిపోవడం.

"అక్కా, మా ఇంటికి భోజనానికి రా, జడ మాత్రం మీ ఇంట్లో వదిలేసి రా" అని దర్జీ ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

అక్క ఎంత నడిచినా షాపు మాత్రం నడవలేదు. ఇల్లు కాలాక బావి తవ్వడం మనుషులకి పుట్టుకతో వచ్చిన అలవాటు, ముందుగా సిలిండరు కొనేవాడు ఎవడు? కొనక తప్పని పెద్ద కంపెనీలన్నీ కోటూ టై వేసుకుని వచ్చేవాళ్ళ దగ్గరే కొనేవి. షాపు మూసేసి ఎక్కడైనా వాచ్‌మన్‌గా చేరదామని తమ్ముడు అనుకుంటున్న రోజుల్లో, వ్యాపారాల వాళ్ళూ ఉద్యోగాల వాళ్ళూ చేరే ఒక ఇంటర్నెట్ సైటు సంగతి అతని భార్య చెప్పింది.

"అందులో ఎవరి డప్పు వాళ్ళే కొట్టుకుంటారు. తప్పేం కాదు, అది అందుకే ఉంది" అంది.

"నాకు డప్పు కొట్టడం రాదు."

"నువ్వు చెప్పు, నేను కొడతా."

అలా మొదలైంది. స్టవ్ మీద పాలు పెట్టి, పొంగేలోపు ఆమె ఒక పోస్టు రాసేసేది. వరసగా పేర్చిన సిలిండర్ల ఫొటో పెట్టారు. భార్య మెచ్చుకుంది, భార్య తమ్ముడు మెచ్చుకున్నాడు, ప్రపంచంలో ఎవరికేం జరిగినా శుభాకాంక్షలు చెప్పే ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు. అంతటితో సరి.

బావమరిది అప్పటికి ఉద్యోగం లేక అక్కగారింట్లోనే ఉంటున్నాడు. పొడుగ్గా, సన్నగా, గుమ్మం దాటిన ప్రతిసారీ తల తగిలించుకుని, తనే ముందుగా నవ్వేవాడు. "సిలిండర్లు ఎవడు చూస్తాడు బావా, వదిన జడ గురించి రాయి" అన్నాడు.

రాశారు. దర్జీ కొట్టు, ఇస్త్రీపెట్టె, కుర్చీలో అక్క ఫొటో. పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా భార్య చూసుకోలేదు, ఆ పోస్టు అలా పాకింది. పెద్దపెద్ద పదవుల వాళ్ళు చప్పట్ల బొమ్మలు పెట్టారు. అయితే ఫోన్లు మాత్రం తమ్ముడు అనుకున్న రకం రాలేదు. "చాలా స్ఫూర్తిదాయకం సార్, కాకపోతే అక్కగారిని మా వైపు తీసుకురాకండి" అనేవాళ్ళు. ఆమె వచ్చి, వాసన వస్తే, పని ఆపాలి. పని ఆపేవాడెవడు?

దారి చూపించింది పరుపుల డైరెక్టర్. ఊరి చివర ఫోమ్ పరుపుల ఫ్యాక్టరీ ఆయనది. సైటులోనే పరిచయమయ్యాడు, సైటులోనే బావమరిదికి కటింగ్ షెడ్డులో ఉద్యోగం ఇచ్చాడు. ఆయన ఒకటే మాట అన్నాడు. "వాసన వచ్చినచోటు గురించి రాస్తే ఎవరికి లాభం? రానిచోటు గురించి రాయండి."

ఆ మాటతో షాపు దశ తిరిగింది. అక్కని కారెక్కించుకుని వెళ్ళడం, గేటు ముందు నిలబెట్టి ఫొటో తీయడం. ఫొటో కింద ఎప్పుడూ ఒకటే వరస: మా అక్క వచ్చింది, జడ చూసుకుంది, వాసన లేదు. వాళ్ళు తిరిగి ఈ షాపుని పొగిడేవాళ్ళు, ఆ పొగడ్త చూసి ఇంకొకళ్ళు పిలిచేవాళ్ళు. ఒక హోటలు, ఒక బ్యాంకు, ఒక బస్సుల షెడ్డు. అన్నీ నిజాలే, అక్కడ నిజంగానే వాసన లేదు. తమ్ముడి పేరు కింద భద్రతా సలహాదారు అని చేరింది. చేతికంటిన ఎర్రరంగు కిరోసిన్‌తో కడుక్కుని ఫొటోలకి నిలబడటం నేర్చుకున్నాడు.

అక్కకి మాత్రం ఇది నచ్చలేదు. "వాసన లేనిచోటికి నన్నెందుకు తిప్పుతున్నావురా? ఉన్నచోట ఎవరు చూస్తారు?" అనేది.

"కొన్నాళ్ళు అక్కా. నిలదొక్కుకోనీ."

చివరికి డైరెక్టర్ తన ఫ్యాక్టరీకే పిలిచాడు. పోస్టు పడితే, ఉన్న షెడ్లన్నిటికీ సిలిండర్లు పెట్టే ఒప్పందం వీళ్ళదే. తమ్ముడు ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు.

లోపలంతా బావమరిదే తిప్పి చూపించాడు. గదులంత ఎత్తు ఫోమ్ దిమ్మలు, వాటిని వెన్నలా కోసే మెషిను. "ఇదిగో వదినా, నా సింహాసనం" అని మెషిను పక్కన స్టూలు చూపించాడు. దాని వెనక గోడకి స్విచ్ బోర్డు. బోర్డుకీ దిమ్మలకీ మధ్య మనిషి పట్టేంత సందు కూడా లేదు.

అక్క అక్కడ ఆగింది. జడ ముక్కు దగ్గరికి తీసుకోనక్కర్లేకపోయింది. పక్కనున్న తమ్ముడికే గొంతులో పట్టుకుంది ఆ చేదు. కాలుతున్న స్పాంజి వాసన. బావమరిది అప్పటికే ముందుకెళ్ళి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు.

"ఇక్కడే" అంది అక్క.

తమ్ముడు డైరెక్టర్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. డైరెక్టర్ కోప్పడలేదు, వాదించలేదు. "కరెంటు మనిషికి బోర్డు చూపిస్తాను, నాది పూచీ. పోస్టు మాత్రం ఇవాళే పడాలి. పరుపులు కొనేవాళ్ళు చూస్తున్నారు. అది పడితేనే ఒప్పందం" అన్నాడు. గేటు దగ్గర ఫొటో తీసేవాడు ఎదురుచూస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్క జడని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. తమ్ముడు దారి పొడుగునా నచ్చజెప్పాడు. "ఆలోచించక్కా. పోస్టు పడితేనే ఒప్పందం, ఒప్పందమైతేనే సిలిండర్లు వెళ్ళేది, సిలిండర్లు వెళ్తేనే కదా ముప్పు తప్పేది. ఈ వారంలోనే పెట్టేస్తా. ఈలోపు కొంపలేం అంటుకుపోవు" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నీ బావమరిదికైనా చెప్పరా."

"వాడికి చెప్తే ఫ్యాక్టరీ అంతా చెప్తాడు. వాడి నోరు నీకు తెలుసుగా."

అక్క చిన్నప్పటి నుంచి తమ్ముడి మాట నమ్మిన మనిషి. ఊరుకుంది.

ఇంట్లో భార్య ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది. "ఏమీ రాలేదుగా?" అని మామూలుగా అడిగింది.

"ఏం రాలేదు. రాయి."

ఆమె రాసింది. మా అక్క వచ్చింది, జడ చూసుకుంది, వాసన లేదు. అందరికంటే ముందు దాన్ని పంచుకున్నది ఆమె తమ్ముడే. నేను పనిచేసే చోటు, రాసింది మా బావ, సాక్ష్యం మా వదిన జడ అని పైన ఒక ముక్క కూడా చేర్చాడు. ఇంతకాలం తిని కూర్చున్నాడనిపించుకున్నవాడు, తనవాళ్ళని చూపించుకోవడానికి వాడికి దొరికిన మొదటి సందర్భం అది.

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తమ్ముడు మాట తప్పలేదు. పగలంతా సిలిండర్లు నింపి, రంగు కొట్టి, వరసగా ఆరబెట్టాడు. అయితే డైరెక్టర్ గోడలకి సున్నాలు వేయిస్తున్నానన్నాడు. తరవాత కొనేవాళ్ళు వచ్చి వెళ్ళనీ, నడవల్లో అడ్డం అన్నాడు. బోర్డు సంగతి అడిగితే మనిషికి చెప్పానన్నాడు. ఇంట్లో రోజురోజుకీ వాసన ముదిరింది. అన్నం తింటుంటే భార్య లేచి కిటికీలు తెరిచేది. "మళ్ళీ ఎక్కడ వదినా?" అంటే అక్క తమ్ముడి మొహం చూసేది. తమ్ముడు కంచం మొహం చూసేవాడు.

ఒకరోజు పొద్దున గుమ్మం పక్కన అక్క లేదు, మడతకుర్చీ కూడా లేదు.

అక్క ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పనికి వస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమెని చూసి ఆగారు. వాళ్ళెవరికీ ఆ సైటులో ఖాతాలు లేవు, ఆ పోస్టు ఎవరూ చదవలేదు. ఫ్యాక్టరీ రసాయనాల కంపులో జడ వాసన ఎవరికీ వేరుగా తెలియలేదు. వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే, ఈమె కుర్చీ తెచ్చుకుని కూర్చుందంటే ఊరికే కూర్చోదు. అన్నం డబ్బాలు నేల మీద పెట్టుకుని గోడ నీడన నిలబడ్డారు. సైరన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

బావమరిది సైకిలు దిగాడు. "ఏంటి వదినా, మకాం ఇక్కడికి మార్చావా?"

"లోపలికి వెళ్ళకు నాయనా."

వాడు నవ్వి ఫోను తీశాడు. అక్కకీ, చుట్టూ ఉన్నవాళ్ళకీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు. "ఇదిగో, బావ రాశాడు. వాసన లేదు. నీ ఫొటోనే కదా ఇది? బావ అబద్ధం రాస్తాడా?"

నలుగురిలో తమ్ముణ్ణి అబద్ధాలకోరు అనడానికి అక్కకి ఒక్క క్షణం పట్టింది.

"సరే, మీ భయం నేను తీరుస్తా. మెషిను వేసి వస్తా, చూసి రండి" అని వాడు గేటు దాటేశాడు. షెడ్డు గుమ్మం దగ్గర తల తగిలించుకుని, వెనక్కి తిరిగి నవ్వాడు కూడా.

"అబద్ధం! వాడు రాసింది అబద్ధం!" అని అక్క కుర్చీలోంచి లేచి అరిచింది. అప్పటికి లోపల మెషిను చప్పుడు మొదలైంది.

అంతకుముందే డైరెక్టర్ ఫోన్ చేసి మీ అక్కని తీసుకుపొమ్మని తమ్ముడి మీద మండిపడ్డాడు. తమ్ముడు చేతికందిన సిలిండర్లు వ్యాన్‌లో పడేసుకుని వచ్చాడు. దిగేసరికి అక్క గేటు ఊచ పట్టుకుని, రెండో చేత్తో జడ కొస ముక్కుకి ఆనించుకుని నిలబడి ఉంది.

"వాసన పోయింది తమ్ముడూ."

తమ్ముడికి ప్రాణం లేచివచ్చింది. "హమ్మయ్య! అంటే బోర్డు బాగుచేశారన్నమాట" అన్నాడు. ఆ మాట అని నవ్వబోయాడు. అక్క చూస్తున్న వైపు అతనూ చూశాడు. షెడ్డు వెంటిలేటర్లలోంచి నల్లటి పొగ, తారు పోసినట్టు, బయటికి వస్తోంది.

రంగు ఆరని సిలిండరు పట్టుకుని పరిగెత్తాడు. ఫోమ్ మంట ముందు అది నాలుగు ఊపిర్ల పని. పొడి అయిపోయాక కూడా మీట నొక్కుతూనే ఉంటే పనివాళ్ళు నడుము పట్టుకుని వెనక్కి లాగారు. గోడ నీడన నిలబడ్డవాళ్ళందరూ బతికారు. లోపల ఉన్నది ఒక్కడే.

డైరెక్టర్ ఆ సాయంత్రమే సైటులో సంతాపం రాశాడు. భద్రత మీద మా శ్రద్ధ వల్లే ఇంతమంది ప్రాణాలు దక్కాయని కూడా రాసి, ఎర్రడబ్బాల షాపు పేరు జతచేశాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగే రకాలు ఎక్కడైనా ఉంటారు. మీ అక్కగారు మా గోడౌన్‌కి ఎప్పుడు వస్తారని కింద ముగ్గురు నలుగురు అడిగారు. శుభాకాంక్షల పెద్దమనిషి శుభాకాంక్షలు చెప్పాడు.

బతికిన పనివాళ్ళు వచ్చి అక్క కుర్చీ చుట్టూ నేల మీద కూర్చుని వెళ్ళేవాళ్ళు. అక్క వాళ్ళ మొహాలు చూసేది కాదు. "ఒక్క క్షణం ముందు అనుంటే" అనేది, మళ్ళీ మళ్ళీ అదే మాట.

భార్య ఏడ్చినన్నాళ్ళు ఏడ్చింది. తరవాత ఒక ఉదయం, స్టవ్ మీద పాలు పెట్టి, ఫోను పట్టుకుని షాపులోకి వచ్చింది. తమ్ముడు అమ్ముడుపోని సిలిండర్ల మధ్య కూర్చుని ఉన్నాడు. గోళ్ళలో ఎర్రరంగు ఇంకా అలాగే ఉంది. కిరోసిన్‌తో కడగడం మానేశాడు.

"ఆ రోజు వాసన వచ్చిందా, రాలేదా?"

అతను తల ఎత్తలేదు. "వచ్చింది."

"నేను అడిగాను నిన్ను."

"అడిగావు."

ఆమె అక్కడే నిలబడి ఆ పాత పోస్టు తెరిచింది. దాన్ని తీసేయలేదు. ఉన్న వాక్యంలోనే, తను రాసిన చోటే, చివరి మాట కొట్టేసి ఇంకో మాట పెట్టింది. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు వినిపించింది, ఆమె కదల్లేదు. ఫోను తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"చదువు" అంది.

అతను పెదాలు కదిపాడు. మా అక్క వచ్చింది, జడ చూసుకుంది.

"గట్టిగా చదువు. వాడికి వినపడాలి."