కొమురెల్లి సారును మాట పట్టింది

పొద్దున తొమ్మిదికి జగిత్యాల ఆఫీసుకు వచ్చుడు, ఒక చాయ్ తాగుడు, లీడరు కొమురెల్లి సారు మాటలను తేలిక చేసుడు. ప్రవీణకు రోజూ ఇదే పని. సారు ఫోన్ల "రోడ్డు ఏస్తం" అని చెప్తే, ఆమె "రోడ్డు నిర్మాణం దిశగా సానుకూలంగా ఆలోచిస్తున్నాం" అని రాసేది. "నీళ్లిస్తం" అంటే "నీటి సమస్యను సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాం" అని దిద్దేది. ఎమ్మే తెలుగు చదివినందుకు దొరికిన నౌకరి అది.

ఆ ఇలాకల లీడర్లను మాట పట్టుకుంటది. మైకుల తారీకు పెట్టి ఫలానా పని చేస్తనని ఖాయంగ అన్నోళ్లకు, ఆ పని అయ్యేదాకా నిలబడ్డ జాగల నుంచి కాలు కదలది. జరం వచ్చినట్టే, ఎవరికీ వింత గాదు. వెనకట కొడిమ్యాల దిక్కు ఒకాయన "సోమవారం కల్లా కరెంటు" అని, నలబై ఒక్క దినాలు పొలం గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడ్డడు. ఆడోళ్లు రోజూ అంబలి తెచ్చి పోసిన్రు. కరెంటు వచ్చినంక ఇంటికి పోయిండు గని, మళ్ల మైకు ముట్టలే. ఆయన తర్వాతి లీడర్లు హుషారైన్రు. దిశ, కృషి, పరిశీలన అన్నీ అప్పుడు నేర్చుకున్నయే.

సిరిసిల్లల ప్రవీణ బాపు రాజనర్సు మరమగ్గాల మీద పనిచేసి చేసి, చూపు మందగించి ఇంట్ల కూసున్నడు. చెల్లె సుస్మిత నర్సింగ్ చదువుతున్నది. ఇల్లు నడిచేది ప్రవీణ నౌకరి మీదనే. అందుకే మీటింగులల్ల ఆమె సారు మొఖం దిక్కు చూసేది గాదు, కాళ్ల దిక్కు చూసేది. ఒక్కో మాట అన్నంక ఆయన అడుగు అటో ఇటో పడేదాకా ఆమె చూపు తిప్పేది గాదు.

ఆ పొద్దు ఐలవ్వ మళ్ల వచ్చింది. ఇబ్రహీంపట్నం అవతలి ఊరామెది, కూలి పని. కొడుకు గణేశ్ గల్ఫుల బిల్డింగు మీదికెళ్లి పడి, ఆరు నెలలసంది అక్కడి దవాఖానలనే పడి ఉన్నడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉన్నది. ఆమె ఆఫీసు మెట్లెక్కుడు ఇది ఐదోసారి.

"బిడ్డా, సారు పోయిన మీటింగుల సానుకూలంగ అన్నడు గదా," అన్నది ఐలవ్వ. "సానుకూలంగ అంటే ఏ నెల?"

ప్రవీణ కుర్చీ జరిపింది. "కూసో అవ్వా, నీళ్లు తాగు," అన్నది.

"కూసునే టైం లేదు బిడ్డా. పదిహేను దినాలల్ల ఇంటికి తెచ్చి ఆపరేషన్ చేపియ్యకుంటే కాలు తీసేస్తరట. పిలగాడు ఫోన్ల ఏడుస్తలేడు. గదే భయమైతాంది నాకు."

ఆమె పోయినంక కూడ ఆ మాట ప్రవీణను ఇడువలే. సాయంత్రం కోరుట్లల మీటింగు. జీపుల పోతూ ఒళ్లె సారు స్పీచు కాయితం పెట్టుకొని చివర్ల రాసింది: "సోదరుడు గణేశ్ విషయమై సానుకూల దృక్పథంతో..." కొట్టేసింది. "సాధ్యమైనంత త్వరగా..." కొట్టేసింది. మేడిపల్లి దాటేసరికి కాయితం కింద అన్నీ కొట్టివేతలే. నౌకరి పోతే బాపు కండ్ల ఆపరేషన్ ఎట్ల, సుస్మిత ఫీజు ఎట్ల అని ఒక దిక్కు. ఏడ్వని గణేశ్ ఒక దిక్కు. చివరికి ఒక్క లైను రాసి, కాయితం మడతపెట్టి సారుకిచ్చింది. సారు ఏనాడూ ముందుగాల చదువడు. ఆమె రాసిందంటే గాలి లెక్క ఉంటదని ఆయన ధీమా.

మైదానం నిండ జనం. సారు దిశలు, కృషులు అన్నీ దాటి చివరి లైనుకొచ్చిండు. గొంతు పెంచి చదివిండు.

"ఐలవ్వ కొడుకు గణేశ్‌ను పదిహేను దినాలల్ల నేను ఇంటికి తెస్త!"

చప్పట్లు మొదలై ఆగిపోయినయి. సారు పక్కకు తిరుగబోయిండు. నడుము తిరిగింది, కాళ్లు తిరుగలే.

"అయ్యో, సారును మాట పట్టింది," అన్నది ముందు వరుసల ఒక ముసలామె. "కుర్చీ ఎయ్యిన్రి ఎవరన్న."

కుర్చీ ఏసిన్రు. చుట్టూ తెరలు కట్టిన్రు. టెంటు అతను కిరాయి వస్తదో రాదో అని గొణుగుకుంట పోయిండు. ప్రవీణ స్టేజి మెట్లు ఎక్కింది.

"నువ్వే రాసినవా?" అన్నడు సారు.

"రాసిన సార్."

"ఎందుకమ్మా? నీకు నేనేం తక్కువ చేసిన?"

"అవ్వ ఏ నెల అని అడిగింది సార్. నాకు తెల్వలే."

సారు జేబులకెళ్లి ఫోన్ తీసి ఆమె చేతుల పెట్టిండు. రేపు హైదరాబాదుల పార్టీ ఎన్నికల టికెట్లు పంచే మీటింగు ఉన్నది. "తిట్టుడు తర్వాత," అన్నడు. "ముందు ఫోన్ కలుపు."

ఒక పెద్ద అధికారి దొరికిండు. "తప్పకుండా పరిశీలిస్తాం సార్," అన్నడాయన.

"పరిశీలిస్తం అంటే ఏ తారీకు?"

"సాధ్యమైనంత త్వరగా సార్..."

"గదే, ఎన్నడు? సంతకం ఎవరిది? ఆ మనిషి పేరేంది?" సారు గొంతు చించుకున్నడు. "నాకు కాళ్లు గుంజుతున్నయి, నాతోని గీ భాష మాట్లాడకు!"

పది దినాలు అట్లనే నడిచింది. సారు కుర్చీల కూసునే ఫోన్లు చేసిండు, ప్రవీణ పక్కన కాయితాలు తయారుచేసింది. హైదరాబాదు మీటింగు ఆయన లేకనే అయిపోయింది. కంపెనీవాళ్లు పాస్‌పోర్టు ఇడిసిన్రు. విమానం టికెటు వచ్చింది, మళ్ల రద్దయింది, మళ్ల వచ్చింది. రద్దయిన పూట సారు అన్నం ముట్టలే, ప్రవీణ కూడ ముట్టలే. ఐలవ్వ రోజూ బస్సుల వచ్చి, టెంటు గుంజకు ఆనుకొని కూసుండి పొద్దుమూకినంక పోయేది. పదకొండో నాడు మాత్రం రాలే. విమానం దిగిందని తెల్సింది గని, ఆ తర్వాత ఎవరి ఫోనూ కలుస్తలేదు.

పగలు మూడింటికి సారు కుర్చీలకెళ్లి ఒక్కసారిగ లేచిండు. కుడికాలు ముందుకేసిండు. ఎడమకాలు ఏసిండు.

"ఇల్లు చేరిండు," అన్నది ప్రవీణ. ఒళ్లె కాయితాలు పక్కకు పెట్టి తనూ లేచింది.

సారు మెట్ల దాక నడిచి ఆగిండు. "రేపటిసంది ఆఫీసుకు రాకు ప్రవీణా," అన్నడు. కోపంగ అనలే.

"సరే సార్."

ఆయన కారెక్కిపోయిండు. ప్రవీణ బస్టాండుకు నడుస్తుంటే ఐలవ్వ ఫోన్ చేసింది. అవతల ఇంటినిండ మనుషుల చప్పుడు, మంచం జరిపిన చప్పుడు.

"బిడ్డా, జగిత్యాల దవాఖానల డాక్టరు రేపు పొద్దుగాల ఏడింటికి ఆపరేషన్ అన్నడు. కాలుంటదన్నడు. ఏడింటికి అనే అన్నడు బిడ్డా, నేను రెండుసార్లు అడిగిన. నువ్వు వస్తవా?"

సిరిసిల్ల బస్సు కదలడానికి రెడీగ ఉన్నది. ఇంట్ల బాపుకు ఏం చెప్పాల్నో ఆమెకింకా తెల్వదు.

"ఆరున్నరకు అక్కడుంట అవ్వా," అని ప్రవీణ బస్సెక్కింది.