మంచు ముక్కులు

కోడలు మారెత్‌కు పొగమంచంటే భయం. మామ ఆస్లక్‌కు పొగమంచంటే లెక్కలేదు. మంచు కింద వేసిన వల తీసి చేపలు మంచు మీద జారే బండికెత్తేసరికి చెట్లు, ఒడ్డు, సూర్యుడు అన్నీ మాయమయ్యాయి.

పాస్విక్ నది అక్కడి రక్షితవనంలో చెరువులా ఉబ్బుతుంది. పడమటి ఒడ్డున నార్వే, అంటే వాళ్ల ఇల్లు. తూర్పు ఒడ్డున రష్యా. సరిహద్దు గడ్డ కట్టిన నీళ్ల కింద, లోతైన చోట, వంకరలు తిరుగుతూ పోతుంది. కిందటేడు కుక్క వెనకపడి అవతలికి పోయిన పక్కూరాయన్ని రష్యా కాపలావాళ్లు నెలల తరబడి వదల్లేదు. ఆస్లక్ రొమ్ము చల్లటి జైలు గదిలో ఒక్క రాత్రి కూడా తట్టుకోదు. మారెత్ భయమంతా అదే.

"గాలి చెక్కిన మంచు దిబ్బలు చూసుకో, చాలు. వాటి ముక్కు మొన ఎటు చూస్తే గాలి అటు నుంచి వీచినట్టు. ఇక్కడ గాలి పడమర నుంచే కదా! ముక్కులు చూసే వైపు వెళ్తే మన పొయ్యి దగ్గరికే చేరతాం," అన్నాడాయన కాళ్లకు కట్టుకున్న స్కీ చెక్కల మీద ముందుకు సాగుతూ.

"మావయ్యా, మొన్న రాత్రి గాలికి మన తూర్పు కిటికీ కదా టకటకా కొట్టుకుంది!"

"నీ పుట్టుకకు ముందు నుంచీ ఈ మంచు మీద తిరుగుతున్నా. కిటికీ మాట నాకు చెప్పొచ్చావా?"

మారెత్ బండి లాగింది. ఎంత నడిచినా ఒడ్డు రాలేదు. ఒకచోట మంచు కింద నీళ్లు గుడగుడలాడాయి. ప్రవాహం లోతుగా ఉండే చోటే అలా వినిపిస్తుంది. ఆస్లక్ తల తిప్పలేదు. ఇంకాస్త దూరం పోగానే ఎదురుగా చారల సరిహద్దు స్తంభం లేచింది. ఎరుపు, ఆకుపచ్చ. రష్యాది. తమవైతే పసుపు.

ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి. పొగమంచులో ఎక్కడో స్కీలు గీసుకున్న చప్పుడైంది. ఆస్లక్‌కు దగ్గొచ్చింది. చేతితొడుగు నోట్లో కుక్కుకున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారాయి, అయినా ఒక్క దగ్గు బయటపడనే పడింది. చప్పుడు ఆగిపోయింది.

మారెత్ మోకాళ్ల మీద కూర్చుని దిబ్బను చేత్తో తవ్వింది. మొన్నటి తూర్పు గాలి పోసిన పైపొర పిండిలా రాలిపోయింది. కింద పాత దిబ్బ రాయిలా గట్టిగా తగిలింది. దాని ముక్కు వాళ్ల వెనక్కి, పడమరకు చూస్తోంది.

"నన్ను ముందు నడవనీ మావయ్యా," అంది గొంతు తగ్గించి.

ఆయన ఆ రోజుదాకా ఎవరినీ తనకంటే ముందు నడవనివ్వలేదు. ఇప్పుడు మంచు పొడిచి చూసే ఇనపమొన కర్ర ఆమె చేతికిచ్చి, బండి తాడు పట్టుకున్నాడు. మారెత్ అడుగడుగునా తవ్వి ముక్కు చూస్తూ నడిచింది. తమ స్తంభం పసుపు రంగు కనబడ్డాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆకాశం తేటపడింది. ఒడ్డున నిలబడి చూస్తే మంచు మీద వాళ్ల స్కీ గీతలు. వాటి పక్కనే ఇంకో జత. ఆ జత చారల స్తంభం దగ్గర మొదలై నది నడిమి దాకా వాళ్ల వెంటే వచ్చింది. అక్కడ ఎవరో చాలాసేపు నిలబడి మంచు తొక్కాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

"నా దగ్గు విన్నాడన్నమాట," అన్నాడు ఆస్లక్.

"విని, మన చప్పుడు ఒడ్డు చేరేదాకా నిలబడ్డాడు."

మారెత్ వెంటనే కొమ్మ ఒకటి విరిచి, నడిమి దాకా వెళ్లి, తమ వైపు గీతలన్నీ తుడిచేసింది. అవతలి సగంలో అడుగు పెట్టడానికి లేదు. అక్కడ అతని గీతలు, వీళ్ల గీతల పక్కనే, అతని పై అధికారి ఎవరు చూసినా ఇట్టే చదివేలా ఎండలో మెరుస్తున్నాయి. ముఖమైనా తెలియని ఆ మనిషి కోసం ఆమెకు భయమేసింది.

ఏ దిక్కు నుంచైనా సరే, ఆ గీతల్ని చెరిపే గాలి కాస్త వస్తే బాగుండునని ఆకాశం వైపు చూస్తూ అక్కడే నిలబడింది.