ప్రార్థనలో అడ్రసు

దీవిలోని డైరీ ఫార్మ్ అనే పేటలో ప్రేమావతి కేకుల కొట్టు సందులో బాగా లోపలికి ఉంటుంది. రోడ్డు మొగలో నిలబెట్టిన బోర్డే ఆమెకు దిక్కు. ఆ బోర్డు మీద ప్రకటనల పన్ను పడింది. కట్టే స్తోమత లేక పీకేసింది. ఆ తర్వాత రెండు వారాలు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. క్రిస్మస్ లోపు గిరాకీ రాకపోతే ఓవెన్ అమ్మేసి మళ్ళీ హోటల్లో పనికి చేరాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఏడుపు వచ్చేది.

ఏడిస్తే కేకులు అమ్ముడుపోతాయా? ఆదివారం తెలుగు ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ, తల మీద చెంగు సర్దుకుని లేచింది. తన కొట్టు కోసం ప్రార్థించమంది. ఏ కొట్టో సంఘానికి తెలియాలి కదా అని, వాటర్ ట్యాంకు పక్క సందు, నీలం గేటు, అర కిలో కొంటే రెండు బన్నులు ఉచితం అని కూడా చేర్చింది. దేవుడికి తెలియని అడ్రసా అని ఎవరూ అడగలేదు. సోమవారం కేకులన్నీ అయిపోయాయి.

భక్తి త్వరగా అంటుకుంటుంది. మరుసటి వారం వెరోనికా తన టైలరింగ్ షాపు కోసం, ప్రవీణ్ కుమార్ తన స్కూటర్ల షెడ్డు కోసం ఫోన్ నంబర్లతో సహా మనవి చేసుకున్నారు. మూడో వారానికి మనవులు ప్రసంగం కన్నా పొడుగయ్యాయి. పాస్టరు ప్రేమయ్య గారికి ఒళ్ళు మండింది. బోర్డుల పన్ను వసూలు చేసే ప్రసన్న కుమార్ రెండో బెంచీలోనే ఉంటే, సంగతి తేల్చమని ఆయన్నే లేపారు.

ఆయన లేచి నిలబడ్డాడు. దేవుడికి చెప్పుకుంటే ప్రార్థన, జనానికి వినిపిస్తే ప్రచారం, ప్రచారానికి పన్ను తప్పదు అన్నాడు.

ప్రేమావతి లేచింది. ఏమాత్రం తగ్గలేదు.

"అయితే మనసులోనే చెప్పుకుంటాను భయ్యా" అంది.

కళ్ళు మూసుకుని నిలబడింది. ఆరాధన తర్వాత పంచడానికి తెచ్చిన ప్లమ్ కేకు డబ్బా చేతిలో ఉంది. దాని మూత మాత్రం తీసింది. దాల్చిన చెక్క వాసన హాలంతా కమ్ముకుంది.

నిన్ననే ఓడ దిగిన గవరమ్మ, ప్రసన్న కుమార్ అత్తగారు, ఆ కేకు ఎక్కడ దొరుకుతుందని అల్లుణ్ణి అడిగింది. ఆవిడకు చెవుడు. అల్లుడు మెల్లగా చెప్పాడు. వినపడలేదంది. గొంతు పెంచాడు. అప్పటికీ వినపడలేదంది.

"డైరీ ఫార్మ్ అత్తయ్యా! వాటర్ ట్యాంకు పక్క సందు! నీలం గేటు!"

బయట రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. ప్రేమావతి ఒక కన్ను తెరిచింది.

"మై తో చుప్ థీ భయ్యా, నోరే తెరవలేదు. మరి ఈ పన్ను ఎవరు కడతారు?"